అత్తయ్య అలమర

వేంసూరులో మా ఇంటి నడిమి గదిలో గోడలోకి కట్టిన అలమర ఒకటుంది. చెక్క తలుపులు, లోపల నాలుగు అరలు. కిటికీలకి వేయగా మిగిలిన ముదురాకుపచ్చ ఆయిల్ పెయింట్‌ని మామయ్యగారు ఎప్పుడో దాని లోపలంతా కొట్టించారట. మిట్టమధ్యాహ్నం తలుపు తీసినా చీకటే. అత్తయ్య చీరలన్నీ అందులోనే ఉంటాయి.

మొన్న సంక్రాంతికి ముందు ఇంటికి రంగులు వేయిస్తూ, దీని లోపల తెల్లగా కొట్టించేద్దామనుకున్నా. రంగులేసే అబ్బాయే ఆపాడు. "వద్దక్కా. తలుపులేసి ఉండే చోట ఆయిల్ పెయింట్ తెలుపు వెలుతురు తగలక పసుపు తిరిగిపోద్ది. అదేదో ముందే క్రీమ్ వేసుకోండి" అన్నాడు. సరేనన్నా. పాత రంగు గీకే దగ్గర మాత్రం నేను మొండికేశా. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూలు మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు డబ్బాల్లో ఎంతుందో ఎవరికెరుక? పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా పిల్లల ముక్కుల్లోకే. నీళ్లు తడుపుతూ వాటర్ పేపర్‌తో రుద్దమని చెప్పి, పిల్లల్ని రెండు రోజులు సత్తుపల్లిలో మా అమ్మ దగ్గరికి పంపేశా.

తలుపుల పైరంగు అత్తయ్యనే ఎంచుకోమన్నా. ఆవిడ అలమర కదా! అరుగు మీద కూర్చుని షేడ్ కార్డులో ఒక్కో గడి మీదా వేలు పెట్టుకుంటూ చూశారు. ముదురు నీలం దగ్గర ఆగి, "తలుపులకి నలుపెవరు వేసుకుంటారే?" అన్నారు.

"నలుపు కాదత్తయ్యా, నీలం."

కార్డుని ఎండలోకి తిప్పి చూశారు. "నలుపే." ఆ తర్వాత వంకాయ రంగూ కాఫీపొడి రంగూ చూపించి, ఒకటే రంగు రెండుసార్లు ఎందుకేశారని అడిగారు.

నా నోట మాట రాలేదు. కార్తీకంలో మా ఆడపడుచు ఇంట్లో వ్రతానికి అత్తయ్య ఆకుపచ్చ చీర మీదకి నీలం జాకెట్టు వేసుకొచ్చారు. "అత్తయ్యకి ఫ్యాషన్ పట్టింది" అని అందరి ముందూ నవ్వించింది నేనే. ఆవిడా నవ్వేశారు. బియ్యం ఏరడం ఎప్పుడో మానేశారు. నేనది బద్ధకం అనుకున్నా. చీరల సంగతికొస్తే, తప్పంతా ఆ చీకటి అలమరదే అనుకున్నా.

ఖమ్మం తీసుకెళ్లాం. రెండు కళ్లలోనూ శుక్లాలు, బాగా ముదిరి పసుపు తిరిగాయన్నారు డాక్టరమ్మ. పసుపు అద్దంలోంచి చూస్తే నీలం నల్లగానే ఉంటుందమ్మా అని చెప్పారు. ఎన్నాళ్లనుంచి చెప్పలేదని మావారు కోప్పడితే, "పామాయిల్ తోటకి బోరు వేయించిన ఏడాది కదరా, మళ్లీ నాకో ఖర్చా అని..." అన్నారు అత్తయ్య. మావారు బయటికెళ్లి నిలబడ్డారు.

తలుపులు ప్రైమర్‌తోనే ఆపేశాం. పండక్కి వచ్చిన ప్రతివాళ్లూ సగంలో వదిలేశారేంటని అడిగారు. పండగ అయ్యాక మొదటి కన్ను ఆపరేషన్ అయింది. నల్లకళ్లద్దాలు తీసిన కొన్నాళ్లకి ఆవిడే షేడ్ కార్డు అడిగి తెప్పించుకుని, మళ్లీ ఆ గడి దగ్గరే ఆగారు.

"ఇదేనా నువ్వు చెప్పిన నీలం? ఇంత నీలమా!"

అదే వేయించాం. నిజం చెప్పొద్దూ, క్రీమ్ గోడల మధ్య అది నాకేం నచ్చలేదు. కానీ నోరు మెదపలేదు. ఆ మర్నాడు పొద్దున్నే అత్తయ్య వంటింటి గడప దగ్గర నిలబడి పైకి చూస్తున్నారు.

"అమ్మాయ్, ఆ మూల బూజు ఎప్పట్నుంచి ఉందే?"