జీతం అనే మాట

ఇంటర్వ్యూ అంటే యోగ్యతను తూచే త్రాసు అని మాకు కళాశాలలో నేర్పారు. 2022లో, సివిల్ ఇంజనీరింగు నాలుగో ఏట, నేనూ ఆ త్రాసులో కూర్చున్నాను. పిలిచింది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ.

కాంక్రీటు దూలంలో ఇనుపకడ్డీలు అడుగున ఎందుకు వేస్తారన్నది మొదటి ప్రశ్న. కాంక్రీటు నొక్కుడుకు ఓర్చుకుంటుంది గాని లాగుడుకు ఓర్వదు. రెండు కొనల మీద ఆనిన దూలం బరువుకు వంగితే సాగేది అడుగుభాగమే. అందుకని అక్కడ ఇనుము, అన్నాను. ఆ జ్ఞానంతో కంపెనీకి పనిలేదని అడిగినాయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"మీ నాన్నగారేం చేస్తారు?" అన్నది రెండో ప్రశ్న. మార్కెట్ యార్డులో హమాలీ అన్నాను. మూడో ప్రశ్న లేదు. మర్నాడు ఒక కాగితం చేతికిచ్చారు. 2 ఏళ్లు మానకూడదు. మానితే 2 లక్షలు కట్టాలి. అసలు సర్టిఫికెట్లు కంపెనీ దగ్గరుంటాయి. తండ్రి పూచీ సంతకం చేయాలి. కాదనే స్తోమత నాకుందా లేదా అన్నదే ఆ రెండో ప్రశ్న అని అప్పుడు తోచింది.

ఇంటికి వెళ్లి చెబితే మా నాయనమ్మ అడిగింది: "ఎవరి దగ్గర జీతం కుదిరినవు బిడ్డా? ఎన్నేండ్లకు?"

మా తెలంగాణ పల్లెల్లో జీతం ఉండటమంటే ఆసామి ఇంట కుదిరి, పశువులకూ పొలానికీ కట్టుబడి బతకడం. అప్పు కింద తాత అలాగే ఉన్నాడు. అటువంటి చాకిరీని 1976 చట్టం రద్దు చేసింది. ఆ కట్టుబాటూ ఇదీ ఒకటేనని నేననను. తాతకు రాత్రి కూడా తనది కాదు. నాకు ఆదివారం నాది. కాని తాత అప్పు తీసుకున్నాడు. నేను ఏమీ తీసుకోకుండానే బాకీదారునయ్యాను.

వృత్తికి అడ్డుపడే ఒప్పందాలు చెల్లవని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను చెబుతుంది. ఉద్యోగకాలపు షరతుకు అది అడ్డురాదంటూ, 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు పెట్టిన 3 ఏళ్లు, 2 లక్షల షరతును సమర్థించింది. నియామకానికి బ్యాంకు పెట్టే ఖర్చును లెక్కలోకి తీసుకుంది. మరి నన్ను ఇంజనీరును చేయడానికి ప్రజలు కట్టిన ఫీజు, మా నాన్న మోసిన బస్తాలు ఏ లెక్కలో చేరతాయి?

సంతకం పెట్టాను. మా తరగతిలో ఎంపికైన వారంతా ఎవరికి వారే పెట్టారు. ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నెలల తరబడి నేర్పిన కళాశాల, ఆ కాగితాన్ని పదిమందీ కలిసి చదవడానికి ఒక్క గంట ఇవ్వలేదు. చదివి ఉంటే, చదువురాని నాయనమ్మ అడిగిన ప్రశ్న మేము అక్కడే అడిగి ఉండేవాళ్లం.