ఎర్రబడిందంటే చీము పట్టినట్టేనా?

కాకినాడ

పద్మా,

ఫోనులో నీ ఏడుపు తప్ప ఇంకేం వినపడలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ముందు అసలు మాట: నాన్నగారికి ఇన్‌ఫెక్షన్ లేదు. పోయిన వారం నేనే దగ్గరుండి మా గుండె డాక్టరుకీ, చర్మం డాక్టరుకీ చూపించాను. రక్తం కల్చర్ రిపోర్టు వచ్చేదాకా నీకు రాయకూడదని ఆగాను.

చొక్కా విప్పితే ఎడమ కాలరు ఎముక కింద, పేస్‌మేకర్ పెట్టిన చోట అరచేతి మేర ఎరుపు. దగ్గరగా చూస్తే సన్నటి రక్తనాళాలు వలలా అల్లుకుని ఉన్నాయి. వేలితో నొక్కితే ఎరుపు పోయి, వేలు తీయగానే మళ్లీ వచ్చేసింది. చెయ్యి పెట్టి చూశాను, సెగ లేదు. నొప్పీ వాపూ లేవు. కుట్టు మచ్చ పొడిగా ఉంది. జ్వరం లేదు, రక్తపరీక్షలు బాగున్నాయి, కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు.

దీన్ని రెటిక్యులర్ టెలాంజియెక్టాటిక్ ఎరిథీమా అంటారు. చర్మంలోని చిన్న రక్తనాళాలు వెడల్పవడం వల్ల కనిపించే ఎరుపు. డీఫిబ్రిలేటర్ పెట్టిన చోటా, మోకీలు మార్చిన చోటా కూడా వస్తుంది. కొందరికి దానంతటదే తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది. దీనికోసం పేస్‌మేకర్ మిషను తీయక్కర్లేదు. ఆపరేషనైన కొత్తలో నలుచదరంగా, దురదతో వచ్చిన ఎరుపు వేరు. అది ప్లాస్టర్ పడక వచ్చింది.

మరి ఇన్ని పరీక్షలెందుకంటావా? నాన్నగారికి షుగరుంది. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకీ, బ్యాటరీ మార్పించుకున్నవాళ్లకీ చీము పట్టే భయం ఎక్కువ. మిషను చుట్టూ స్టెఫైలోకాకస్ లాంటి సూక్ష్మజీవి చేరిందంటే లోహం మీద పొర కట్టుకుని కూర్చుంటుంది. మందు దాన్ని పూర్తిగా చంపలేదు. మాత్రలతో తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. అప్పుడిక మిషనూ, గుండెలోకి వెళ్లిన తీగలూ మొత్తం తీసేయాల్సిందే. తీగల వెంట రక్తంలోకి పాకితే ప్రాణం మీదికొస్తుంది.

మీ తమ్ముడు మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చి ఉంచాడు. నయం, ఇంకా వేయలేదు. కల్చర్‌కి రక్తం తీయకముందే ఆ మాత్రలు పడితే లోపల ఏముందో దొరకదు. పక్కింటావిడ పసుపు రాయమందట. రాస్తే డాక్టరుకి ఎరుపెక్కడ కనబడుతుంది? రేపు వాపొస్తే సూది గుచ్చి నీరు తీయిద్దామనేవాళ్లూ ఉంటారు. అది అస్సలు వద్దు, బయటి క్రిమిని లోపలికి పంపించడమే.

నువ్వు రోజూ వీడియో కాల్‌లో ఛాతీ చూపించమని ఆయన్ని వేధించకు. చామనచాయ ఒంటిమీద ఎరుపు ఫోనులో సరిగా తెలీదు కూడా. వారానికోసారి పగటి వెలుతురులో ఫోటో తీసి, చెయ్యి పెట్టి సెగ చూడమని తమ్ముడికి చెప్పాను. నువ్వూ ఇంకోసారి గట్టిగా చెప్పు: సెగ, నొప్పి, వాపు, చీము, చలిజ్వరం, చర్మం పల్చబడి మిషను అంచు తేలడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా రాత్రా పగలా అని చూడొద్దు. మందుల షాపుకి కాదు, పేస్‌మేకర్ వేసిన ఆసుపత్రికే తీసుకురావాలి.

నీ
సుజాత