సగం బకెట్టు, ఇరవై గుడ్డలు

కార్ డీటెయిలింగ్ అనే పనికి తెలుగులో పేరు లేదు. "కార్లు కడగడం" అంటే సగం కూడా చెప్పినట్టు కాదు. "కార్లకి మెరుగు పెట్టడం" అంటే కంసాలి పనిలా వినిపిస్తుంది, కానీ అదే కాస్త దగ్గరి మాట. కడగడం అందులో మొదటి మెట్టు. తర్వాత పెయింటుకి అతుక్కున్న ఇనప రజనూ తారు చుక్కలూ క్లే బార్ అనే జిగట ముద్దతో లాగెయ్యాలి. గీతలు పాలిష్ మెషీన్‌తో తియ్యాలి. ఆపైన సిరామిక్ కోటింగ్. కారు రంగు మీద ఉండే క్లియర్ కోటు మందం దాదాపు 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా పలచన. పాలిష్ పట్టడమంటే ఆ పొరలోంచే కొంచెం కొంచెం తియ్యడం. ఎక్కువ తీస్తే మళ్ళీ పెట్టలేం. అందుకని మీటరుతో కొలుచుకుంటూ చెయ్యాల్సిన పని.

ఇదంతా ఎంత వివరంగా చెప్పినా మన వాళ్ళ చెవిలో పడేది ఒకటే. "ఇన్నేళ్ళు అమెరికాలో సాఫ్ట్‌వేర్ చేసి, చివరికి కార్లు కడుక్కుంటున్నాడట." నేను కోప్పడటం మానేశాను. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఆ "చివరికి" ఒక్కటే కొంచెం గుచ్చుకుంటుంది.

నాకు 46 ఏళ్ళు. 22 ఏళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేశాను. నాలుగేళ్ళు హైదరాబాదులో, మిగతావి ఇక్కడ డాలస్ చుట్టుపక్కల. కిందటేడు ఉద్యోగం పోయింది. తొమ్మిది నెలలు ఇంటర్వ్యూలకి తిరిగాను. మా ఆవిడ ఉద్యోగం ఉంది కాబట్టి ఇల్లు గడిచింది, హెల్త్ ఇన్సూరెన్స్ నిలిచింది. వరసకి ఆవిడ తమ్ముడొకడు నాలుగేళ్ళుగా వ్యాన్‌లో సామాను వేసుకుని ఇళ్ళకే వెళ్ళి డీటెయిలింగ్ చేస్తున్నాడు. జులైలో ఇక్కడ బానెట్ మీద చెయ్యి పెడితే కాలుతుంది. పాలిష్ పూసిన నిమిషంలో ఎండిపోతుంది. కోటింగ్ సరిగ్గా పరుచుకోకముందే గట్టిపడుతుంది. వాడికి నీడ కావాలి. "బావా, పని నాకు వచ్చు. లెక్కలూ కాయితాలూ నావల్ల కాదు. కలిసి షాపు తీద్దామా?" అన్నాడు. ఇద్దరికీ గ్రీన్ కార్డులున్నాయి కాబట్టి ఆ మాట అనుకోగలిగాం. హెచ్-1బి మీద ఉన్నన్నాళ్ళూ స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప ఇలాంటి ఆలోచన రానిచ్చేవాడిని కాదు.

మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది. 60 వేల డాలర్లు. అందులో లీజు డిపాజిట్, మరమ్మతులు, మెషీన్లు, మొదటి నాలుగు నెలల అద్దె అన్నీ తెమలాలి. ఇంకో రెండేళ్ళలో కాలేజీకి వెళ్ళే అమ్మాయి చదువు కోసం దాచిన డబ్బు వైపు కన్నెత్తి చూడకూడదు.

మాకు దొరికింది పాత ఇండస్ట్రియల్ పార్కులో ఒక గోడౌను యూనిట్. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, 1800 చదరపు అడుగులు. ముందువైపు పెద్ద రోలింగ్ షట్టర్, పక్కన చిన్న ఆఫీసు గది, వెనక ఒక బాత్రూమ్. కిటికీలు లేవు. మాకు ముందు అందులో చెక్క కబోర్డులు చేసేవాళ్ళట. అంతకు ముందు గేర్‌బాక్సులు బాగుచేసేవాళ్ళట. రెండు వ్యాపారాలూ తమ గుర్తులు వదిలి వెళ్ళాయి. కింద నూనె, పైన రంపపు పొట్టు. లీజు "ఉన్నది ఉన్నట్టు" ప్రాతిపదిక మీద. పైగా ట్రిపుల్ నెట్, అంటే అద్దె కాక ఆస్తి పన్నులో, బిల్డింగ్ ఇన్సూరెన్సులో, ఉమ్మడి మరమ్మతుల్లో మన వాటా మనమే కట్టుకోవాలి. టెస్టర్‌గా బతికినవాడికి ఏది చూసినా అది ఎక్కడ విరుగుతుందో వెతకడం అలవాటు. ఆ యూనిట్ నాకు చేతినిండా పని పెట్టింది.

మొదటి రెండు వారాలు పొట్టుతోనే సరిపోయింది. ఇనప దూలాల మీద, పైపుల మీద, లైట్ల మీద అంగుళం మందాన పేరుకుని ఉంది. మామూలు దుకాణమైతే చీపురుతో దులిపి ఊరుకోవచ్చు. మాకు కుదరదు. తడి ఆరని కోటింగ్ మీద ఒక్క రేణువు పడినా అది అక్కడే ఉండిపోతుంది. నిచ్చెనెక్కి వ్యాక్యూమ్‌తో పీల్చాం, తడిగుడ్డతో తుడిచాం, గోడలకీ పైకప్పుకీ తెల్లరంగు కొట్టాం. అప్పటిదాకా గుహలా ఉన్నది గదిలా కనబడింది.

తర్వాత నేల. డాలస్ నేల మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. పైన పోసిన కాంక్రీటు కూడా దానితోపాటే కదిలి పగులుతుంది. గుంటూరు జిల్లాలో పుట్టినవాణ్ణి కాబట్టి ఆ పగుళ్ళు చూసి నేను కంగారు పడలేదు. మా కాంక్రీటు మేస్త్రి మెక్సికో నుంచి వచ్చిన పెద్దాయన. పగుళ్ళ సంగతి తర్వాత, ముందు నెమ్ము చూడాలన్నాడు. 18 అంగుళాల చదరం ప్లాస్టిక్ షీట్లు మూడు కోసి, మూడు చోట్ల నేలకి పరిచి, నాలుగు అంచులా టేపు వేశాడు. కనీసం 16 గంటలు అలా వదిలెయ్యాలి. తీసినప్పుడు కింద చెమ్మ కనిపించినా, కాంక్రీటు రంగు ముదిరినా, దాని మీద ఎపాక్సీ నిలవదు. పొరలు పొరలుగా లేచిపోతుంది. మర్నాడు రెండు షీట్లు పొడిగా ఉన్నాయి. బాత్రూమ్ గోడ పక్కది చెమట పట్టినట్టుంది. గోడలో పైపు కారుతోంది. దాన్ని బాగుచేయించి, నేల ఆరడానికి మూడు వారాలు ఆగాం. అద్దె మాత్రం ఆగలేదు.

ఆరాక డైమండ్ గ్రైండర్‌తో నేలంతా గీకారు. నూనె తాగిన కాంక్రీటుకి ఎపాక్సీ పట్టదు. పై పొర పోయి గరుకు తేలాలి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. అందుకే గ్రైండర్‌కి వ్యాక్యూమ్ తగిలించి, మూతికి మాస్కు లేకుండా మేస్త్రి మమ్మల్ని లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. ఎపాక్సీ రెండు డబ్బాల సరుకు. రెండూ కలిపాక ఇక గడియారంతో పరుగు, అరగంటలో చిక్కబడిపోతుంది. లేత బూడిదరంగు వేయించాం. కిందపడిన ప్రతి స్క్రూ, ప్రతి మురికి చుక్క కనబడాలని బామ్మర్ది పట్టుబట్టాడు. కార్లు ఎక్కించడానికి ఇంకో వారం.

లైట్లకి నేను అనుకున్నదానికన్నా ఎక్కువే ఖర్చయింది. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపించాలంటే సీఆర్‌ఐ 90 దాటిన ఎల్‌ఈడీలు కావాలి. వాటిని పైకప్పుకే కాదు, గోడలకీ నిలువుగా పెట్టించాం, తలుపుల పక్కభాగాలు కనబడటానికి. పెయింటు మీది సాలెగూడులాంటి సన్నగీతలు మామూలు ట్యూబ్‌లైటు కింద దాక్కుంటాయి. చిన్న టార్చి వేస్తే బయటపడతాయి.

అప్పటికి 41 వేలు అయిపోయాయి. అప్పుడు నీళ్ళ సమస్య ముందుకొచ్చింది.

యూనిట్‌లో నేల మీద డ్రెయిన్ లేదు. ఇక్కడ రెండు రకాల కాలవలుంటాయి. ఇంట్లో సింకు, టాయిలెట్ నీళ్ళు సీవర్‌లోకి పోయి, శుద్ధి అయ్యాకే నదిలో కలుస్తాయి. వీధి అంచున ఉండే స్టార్మ్ డ్రెయిన్ వాననీటి కోసం. అందులో పడ్డది ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకి, అక్కణ్ణించి ట్రినిటీ నదిలోకి పోతుంది. కార్లు కడిగిన నీళ్ళలో సబ్బు, నూనె, బ్రేకుల దుమ్ము ఉంటాయి. ఒక వ్యాపారం వాటిని స్టార్మ్ డ్రెయిన్‌లోకి వదలడం నేరం. 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ నుంచి దిగిన నిబంధనలవి. పద్ధతి ప్రకారం పోవాలంటే నేల కోసి, కాలవ తీసి, ఇసుకనీ నూనెనీ పట్టే ఇంటర్‌సెప్టర్ తొట్టి పూడ్చి, సీవర్‌కి కలపాలి. ఇసుక అడుక్కి దిగుతుంది, నూనె పైకి తేలుతుంది, మధ్యలో నీళ్ళు బయటికి పోతాయి. ఎస్టిమేటు 34 వేలు వచ్చింది. మా దగ్గర మిగిలింది 19 వేలు, అందులోనే అద్దె.

అదే పార్కులో ఇంకో వ్యాపారం చేసుకునే ఒకాయన దారి చెప్పాడు. "షట్టర్ ఎత్తి బయట కడగండి. నీళ్ళు వాలుకి అవే పోతాయి. ఎవరూ చూడరు." ఆ సాయంత్రం ఆ వాలు వెంట నడిచి చూశాను. మూల మీద డ్రెయిన్ మూత మీద చేపబొమ్మ, ఇందులో ఏమీ పొయ్యకండి, వాగులోకి పోతుంది అన్న అక్షరాలు. అక్కడికి నూరడుగుల దూరంలోనే వాగు.

ఆ వారమే అమ్మతో మాట్లాడుతుంటే నేల, లైట్లు, రంగులు అన్నీ వర్ణించాను. అన్నీ విని ఒకటే అడిగింది. "నీళ్ళు ఎక్కడికి పోతాయి నాన్నా?" ఇల్లు కట్టేవాళ్ళెవరినైనా ఆవిడ మొదట అడిగే ప్రశ్న అదే. మా ఇంట్లో స్నానాల గది నీళ్ళు అరటిచెట్ల పాదులోకి, గిన్నెలు తోమిన నీళ్ళు చేమ మొక్కల్లోకి పోయేవి. పక్కింటి గుమ్మం ముందుకి మన నీళ్ళు పోతే ఊళ్ళో అదో పెద్ద తగవు. నా దగ్గర ఆవిడకి జవాబు లేదు.

జవాబు బామ్మర్ది చెప్పాడు. "బావా, అసలు గొట్టమే వాడకపోతే?"

రిన్స్‌లెస్ వాష్ అని ఒక పద్ధతుంది. 2 గ్యాలన్ల నీళ్ళలో, అంటే ఏడున్నర లీటర్లలో, పాలిమర్లున్న ద్రావకం కొద్దిగా కలుపుతారు. మురికి రేణువుల చుట్టూ అది జారుడుగా పట్టి గీత పడనివ్వదు. మైక్రోఫైబర్ గుడ్డలు అందులో నానేసి, ఒక్కొక్కటే మడతపెట్టి తుడుస్తారు. ఒక మడత మురికి కాగానే ఇంకో మడత తిప్పాలి. మడతలన్నీ అయిపోతే ఆ గుడ్డ పక్కన పడేసి కొత్తది తియ్యాలి. అసలు కిటుకు ఒకటే, వాడిన గుడ్డ మళ్ళీ బకెట్లోకి వెళ్ళకూడదు. కారు మొత్తం సగం బకెట్టు నీళ్ళతో అయిపోతుంది, నేల మీద పడేది చుక్కలే. బకెట్టు అడుగున మిగిలినవి మాప్ సింకులోకి, గుడ్డలు వాషింగ్ మెషీన్‌లోకి, అంటే రెండూ సీవర్‌లోకే. సిటీ వాళ్ళని అడిగాం, ఒప్పుకున్నారు. బురద పట్టిన ట్రక్కులకి ఇది పనికిరాదు. వాటిని ముందు డ్రెయిన్లు సరిగ్గా ఉన్న కాయిన్ కార్‌వాష్‌లో కడిగి తెమ్మంటాం.

బామ్మర్ది చేసి చూపిస్తుంటే నాకు కూకట్‌పల్లిలో మేమున్న అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. తెల్లవారుజామున ఐదింటికి ఒక కుర్రాడు వచ్చేవాడు. ఒక బకెట్టు, ఒకటే గుడ్డ. ఏడున్నర లోపల పాతిక ముప్ఫై కార్లు. కొత్త కారు కొన్న ఒక పెద్దమనిషి, ఎండలో గీతలు చూసి సెల్లార్ దద్దరిల్లేలా వాడి మీద అరిచేవాడు. గీతలు పడ్డ మాట నిజమే. మొదటి కారు ఇసుక ఆ గుడ్డతోనే ముప్ఫయ్యో కారు దాకా ప్రయాణం చేసేది. కానీ నీళ్ళ లెక్కలో వాడు చేసిందీ మేమిప్పుడు చేసేదీ ఒకటే. గొట్టం లేదు, కారుకి సగం బకెట్టు చాలు. తేడా గుడ్డల్లో ఉంది. వాడికి ఇంకో గుడ్డ ఇవ్వాలని ఆ పాతిక ముప్ఫై ఇళ్ళలో ఎవరికీ తోచలేదు. కారుకి నెలకి నూటయాభై ఇచ్చి, చేతగానివాడని పేరు పెట్టారు. మాకు ఇప్పుడు ఒక్కో కారుకి ఇరవై గుడ్డలు, మీటర్లు, లైట్లు ఉన్నాయి కాబట్టి నిపుణులమని పేరు. ఈ పనిని ఎవరైనా తక్కువగా మాట్లాడితే నాకు గుర్తొచ్చేది వాడే.

సిటీ, ఫైర్ వాళ్ళ ఇన్‌స్పెక్షన్లు అయి సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీ చేతికొచ్చేసరికి ఖాతాలో 7 వేలు మిగిలాయి. మా ఆవిడ గీసిన గీత దాటలేదు. తెరిచి ఐదు నెలలైంది. మొదటి రెండు నెలలు అద్దె మా జేబులోంచే కట్టాం. మూడో నెలలో అద్దె వచ్చింది. కిందటి నెల ఇద్దరం కొద్దిగా జీతం తీసుకున్నాం. పాత జీతంలో అది మూడో వంతు కూడా కాదు. ఏడాది గడిస్తే గానీ ఇది నిలబడుతుందని చెప్పను.

అమ్మకి వీడియోలో గుడ్డలు, బకెట్టు, మాప్ సింకు చూపించాను. "అరటిచెట్లు లేవు గానీ, ఫర్వాలేదు" అంది.

పోయిన శనివారం నుంచి ఒక కొత్త కుర్రాడు పనికి వస్తున్నాడు. మొదటి రోజు వాడి ముందు ఇరవై గుడ్డల దొంతర పెడితే, "ఇన్ని ఎన్ని కార్లకి?" అని అడిగాడు. "ఒక్క కారుకే" అన్నాడు బామ్మర్ది. కుర్రాడు నమ్మనట్టు నావైపు చూశాడు. నేను మెషీన్‌లోంచి ఇంకో దొంతర తీసి మడతపెడుతున్నాను.