బేపూర్ రేవులో ఒక అలమారా

కోళికోడ్‌కు దక్షిణంగా సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, చాలియార్ నది అరేబియా సముద్రంలో కలిసే చోట బేపూర్ ఉంది. 'ఉరు' అనే కొయ్య ఓడలకు అది శతాబ్దాలుగా పేరుపొందిన రేవు. అరబ్బు వర్తకుల కోసం కట్టిన ఈ ఓడలకు గల్ఫ్ దేశాల నుంచి నేటికీ గిరాకీ వస్తూనే ఉంది. కట్టిన ఓడను మోకులతో, కప్పీలతో నీటిలోకి దించే ఖలాసీలలో అధికులు మాప్పిళ ముస్లిములు.

ఆ పట్టణంలో బోధిస్తున్న మా పూర్వ విద్యార్థి మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళారు. సూరతుల్ ఖమర్‌లో నూహ్ (అలైహిస్సలాం) ఓడను గురించి వచ్చే 'దుసుర్' అనే పదానికి మేకులని కొందరు, పీచుతాళ్ళని కొందరు వ్యాఖ్యాతలు అర్థం చెప్పారని మేము ఏళ్ళ తరబడి పాఠం చెబుతున్నాము. పూర్వం ఈ తీరంలో ఓడ పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవారని విన్నాక ఆ రెండో అర్థం కళ్ళకు కట్టింది.

అయితే మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టినది కొత్త ఉరు కాదు, ఒడ్డున దిమ్మెలపై నిలిపి బాగుచేస్తున్న ఒక పాత ఇంజను పడవ. లోపలి గదిలో ఒక వృద్ధ మేస్త్రీ అలమారా అమరుస్తున్నారు. చేతిలో రసమట్టం లేదు. పడవలో ఏ గోడా నిటారుగా ఉండదు, నేల కూడా సమంగా ఉండదు. అందుచేత ఆయన పలుచని చెక్కముక్కను పడవ పక్కకు ఆనించి, కంపాసు ఒక కాలును ఆ వంపు వెంట నడిపిస్తూ రెండో కాలితో చెక్కపై గీత గీశారు. ఆ గీత ప్రకారం కోసి, ఆనించి చూసి, చిత్రిక పట్టి, మళ్ళీ ఆనించారు. ఒక్క పలకకు ఇలా నాలుగు మార్లు!

అరల అంచున వస్తువులు జారకుండా అడ్డుపట్టీ ఉంది. సొరుగును కాస్త పైకెత్తి లాగితే తప్ప బయటికి రాదు. అలల ఊపుకు తెరుచుకోకుండా ఆ ఏర్పాటు.

అలమారా వెనుక మాత్రం వేళ్ళు దూరేటంత ఖాళీ వదిలారు. "ఎందుకు?" అని అడిగించాము. ఆయన తీసివేసిన పాత అలమారా పలకను తిప్పి చూపారు. వెనుక భాగం పొడిపొడిగా రాలింది.

"గాలి ఆడలేదు ఉస్తాద్. సముద్రపు నీటికన్నా పైనుంచి కారే వాననీరే చెక్కకు ఎక్కువ చేటు. ఇది మేకులతో బిగించి ఉండటంతో ఎవరూ విప్పి చూడలేదు. నేను ఇత్తడి మరలు వేస్తాను. నా తరువాత వచ్చేవాడు విప్పి చూసుకోవాలి కదా!"

మేము మాట్లాడలేకపోయాము. మా మద్రసాలో గ్రంథాల అలమారాను అందంగా ఉంటుందని గోడకు అతికించి పెట్టించినది మేమే. రెండు వర్షాకాలాల తరువాత తెరిచేసరికి, మా గురువుగారు అంచులలో స్వహస్తాలతో వివరణలు రాసుకున్న హదీసు సంపుటం చెమ్మకు ముద్దయిపోయింది. ఆ రాతకు మరో ప్రతి లేదు. తప్పు గోడదేనని ఇన్నాళ్ళూ అంటూ వచ్చాము.

అస్ర్ అజాన్ వినిపించింది. మేస్త్రీ గారు ఉలి పక్కన పెట్టి, మేము దిగడానికి నిచ్చెన పట్టుకున్నారు.

ఇంటికి వచ్చిన వారంలోనే వడ్రంగిని పిలిపించి, మిగిలిన అలమారాలన్నిటినీ ముందుకు జరిపించి, వెనుక పలకలకు మరలు వేయించాము. "గోడకు ఆనించలేదేమిటి హజ్రత్?" అని పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు.