మూడు కాళ్ల మీది తల

ఛాయాచిత్రకళను గూర్చి వ్రాసేవారు కటకముల మహిమను వర్ణిస్తారు. కెమెరాను మోసే స్టాండును, అందునా దాని తలను, తలచేవారు అరుదు. తనకల్లులో మా చాచాజాన్ స్టూడియోలో పెరిగినవారము గనుక మాకు ఆ లోహపు తల మీదనే మక్కువ. ట్రైపాడ్ కాలు విరిగితే వెదురుబద్ద కట్టి పని గడుపుకోవచ్చు. తల సడలితే గడవదు.

మా ఊరు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. నేల మాత్రము అనంతపురపు కరవు నేలయే. ఉమ్మడి జిల్లాలో సాలీనా సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కనుక సముద్రతీరము వారివలె మేము తుప్పుకు భయపడము. మాకు శత్రువు దుమ్ము. ఆషాఢమాసపు గాలికి లేచే ఎర్రదుమ్ములో పలుగురాతి రేణువులుంటాయి. కాఠిన్యమును కొలిచే మోస్ మానములో పలుగురాయికి 7, ఇత్తడికి సుమారు 3. ఆ రేణువులు గ్రీజుకు అంటుకొంటే అది కందెనగా ఉండక ఆకురాయి అవుతుంది. తిప్పిన ప్రతిసారీ లోహమును కొంచెము తినివేస్తుంది.

ఇంతకూ స్టాండు అవసరమేమని విద్యార్థిమిత్రులు అడుగవచ్చు. కదిరి ప్రాంతమున గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకమునకెక్కినది. దాదాపు ఐదెకరాలు పరచుకొన్న ఆ కొమ్మల క్రింద మిట్టమధ్యాహ్నము కూడ వెలుతురు పలుచన. ముందరి ఊడ, వెనుకటి ఊడ రెండూ స్పష్టముగా రావాలంటే కటకద్వారమును కుదించి షట్టరును అరసెకనో సెకనో తెరచి ఉంచాలి. అంతలో తల వెంట్రుకవాసి జారినా ఊడలన్నీ చెదురుతాయి. ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలపు గాజుపలకల కెమెరాలకు బరువైన కొయ్యస్టాండ్లు ఉండినది ఇందుకే.

కొన్నేండ్ల క్రిందట చాచాజాన్ తేలికైన బాల్ హెడ్ ఒకటి కొన్నారు. తయారుచేసినవారి పేరు చెప్పము. గుండును పట్టే గిన్నె ప్లాస్టిక్కుది. రెండవ వేసవికే ఎంత బిగించినా మెల్లగా ముందుకు వాలసాగినది. ఆ దినములలోనే ప్రక్క పల్లెలో ఒక అవ్వకు ఫోటో తీయవలసివచ్చినది. ఆమె జీవితములో అదే మొదటి ఫోటో. మంచము దిగలేని మనిషి, చీకటి గది. ఫ్లాషు వెలుగు ఆమె కండ్లకు పడదని కొడుకు వద్దన్నాడు. తీసిన నాలుగింటిలో మూడు చెదిరినవి. నాల్గవదానిలో ముఖము చక్కగా వచ్చినదిగాని, కెమెరా వాలినందున నుదుటి పైభాగము చట్రము దాటిపోయినది. పది దినములకు ఆమె కాలము చేసినది. కొడుకు ఆ ఫోటోనే పటము కట్టించుకొన్నాడు. పూలదండ వేస్తే కొరత కనబడదులే అని అతడే మమ్ము ఓదార్చినాడు.

అటు పిమ్మట చాచాజాన్ అటక మీది పాత మూడుపిడుల తలను దించారు. బరువు ఎక్కువే, బస్సులో మోయడము ప్రయాసయే. కాని దాని బిగింపు మర అరిగితే కదిరిలోని లేత్ పనివాడు ఇత్తడి కమ్మీ నుండి మరొకటి చేసియిచ్చినాడు. మంచి లోహముతో చేసిన బాల్ హెడ్లు లేవని మేమనము. వాటి గుండుకు నూనె పూయక పొడిగుడ్డతో తుడుస్తుంటే చాలాకాలము నిలుస్తాయి. విప్పుటకు వీలులేని తల ఎంత ఖరీదైనదైనా మా దుమ్ములో మన్నుతుందని మాత్రము ఒప్పుకొనలేము.

శుక్రవారము జుమా నమాజుకు వెళ్లేముందు చాచాజాన్ ఆ తలను పాత లుంగీ గుడ్డతో తుడిచి, పిడులన్నీ సడలించి, పైన గుడ్డసంచి తొడిగి త్రాడు కడతారు. శెనక్కాయలు నూర్చే దినములలో రెండు సంచులు.