ఆవర్తనానికి నాలుగు మీటులు

కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం, గిటార్ వాయించే మిత్రుడొకడు నాకు కౌంట్ బేసీ జాజ్ ఆర్కెస్ట్రా రికార్డు వినిపించాడు. 1957 నాటి ‘లిల్ డార్లిన్’. నీల్ హెఫ్టీ కట్టిన ఆ బాణీ నడక మహా నిదానం. సగం అయ్యాక, “గిటార్ వినబడుతోందా?” అన్నాడు. అప్పటిదాకా నా ధ్యాసంతా ట్రంపెట్లూ శాక్సోఫోన్ల మీదే. మళ్లీ మొదటినుంచి పెట్టాడు. బేస్‌కీ డ్రమ్ములకీ నడుమ పొడి చప్పుడొకటి చెవికి దొరికింది. ఆవర్తనానికి నాలుగు మీటులు, అంతే. అది ఫ్రెడ్డీ గ్రీన్.

1937లో ఆ బృందంలో చేరి, మధ్యలో కొన్నాళ్లు తప్ప, 1987లో కన్నుమూసేదాకా దాన్ని అంటిపెట్టుకున్నాడాయన. ఎలక్ట్రిక్ గిటార్లు ముందుకొచ్చి సోలోలు అందుకుంటున్న కాలంలోనూ దాదాపు ఎప్పుడూ యాంప్లిఫయర్ లేకుండానే వాయించాడు. తీగల్ని బాగా ఎత్తులో బిగించుకునేవాడు. నొక్కడానికి వేళ్లలో బలం కావాలి గానీ, నాదం గట్టిగా పలుకుతుంది. ఇంకా విచిత్రం, చేతికింద కార్డు (కలిపి పలికించే స్వరాల గుంపు) ఉన్నా చాలాసార్లు ఒకటో రెండో స్వరాలే పలికించి, తక్కిన తీగల్ని వేళ్లతోనే అణిచేసేవాడు. అన్నీ పలికితే పియానోకీ బేస్‌కీ అడ్డం పడతాయి.

ఇంత సానపెట్టిన పని వినేవాళ్ల చెవికి ఆనకుండానే పోతే దానికి విలువ కట్టేదెవరు? కచేరీలో తని ఆవర్తనం వచ్చేదాకా మృదంగం వైపు చూడని మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. చాలాకాలం నేను దానికి త్యాగమనే జవాబు చెప్పుకున్నాను. ఇప్పుడది చాలదనిపిస్తోంది.

‘లిల్ డార్లిన్’లో బాకాలవాళ్లు ప్రతి స్వరాన్నీ లయకు ఒక వెంట్రుకవాసి వెనకగా, తీరుబడిగా వదులుతారు. ఆ తీరుబడి మనకు హాయిగా తోస్తున్నదంటే, వెనకబడటానికి ఒక కచ్చితమైన చోటు ఉండబట్టే. ఆ చోటును కదలకుండా పట్టి ఉంచే చేతుల్లో గ్రీన్‌ది ఒకటి. దాన్ని విడిగా వినకపోయినా, దాని ఫలితాన్ని మనం వింటూనే ఉన్నాం.

1950లో డబ్బు చాలక బేసీ బృందాన్ని కుదించినప్పుడు గ్రీన్‌కు అందులో చోటు దక్కలేదు. కొన్నాళ్లకు పిలవకుండానే గిటార్ పట్టుకుని వచ్చి కూర్చున్నాడని చెబుతారు. ఏదో వదులుకున్నానని బాధపడే మనిషి అలా వస్తాడా? ‘కార్నర్ పాకెట్’ ఆయన సొంత బాణీ. 1955లో బేసీ బృందం రికార్డు చేసింది. అందులో సోలోలు ట్రంపెట్లకూ శాక్సోఫోన్‌కూ వెళ్లాయి. గ్రీన్ మాత్రం తనకిష్టమైన ఆ నాలుగు మీటులే వాయించాడు.