ముందు కబురు, తర్వాత ప్రిపొజిషన్

సోమవారం ఉదయం క్లాసులో పిల్లలకు తరచూ ఎదురయ్యే ప్రశ్న మీకూ తెలిసే ఉంటుంది: ‘వాట్ డిడ్ యు డూ ఓవర్ ద వీకెండ్?’ దానికి ఆదివారం రాత్రే ఇంట్లో ప్రాక్టీస్ చేయించే అమ్మల్లో నేనూ ఒకదాన్ని.

నాలుగో తరగతి చదువుతున్న మా వాడు ఒక ఆదివారం రాత్రి ‘ఇన్ ద వీకెండ్ ఐ వెంట్ టు అమ్మమ్మాస్ హౌస్’ అని మొదలుపెట్టాడు. ‘ఇన్ కాదు నాన్నా, ఆన్’ అన్నాను. ‘ఆన్ దిస్ వీకెండ్...’ అన్నాడు. ‘దిస్ ముందు ఆన్ రాదు’ అన్నాను. మూడోసారి నోరు తెరిచి, నా ముఖం చూసి ఆగిపోయాడు. మర్నాడు క్లాసులో ఏం చెప్పావురా అని అడిగితే, ‘నథింగ్ అని చెప్పానమ్మా. అందులో తప్పు రాదు కదా’ అన్నాడు.

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. వాడి తప్పు ఎక్కడిదో చూద్దామని కూర్చుంటే, అది మన తెలుగులోంచే వచ్చిందని అర్థమైంది. మనం ‘వీకెండ్‌లో వెళ్లాం’ అంటాం. ఆ ‘లో’నే వాడు ‘ఇన్’ చేశాడు. అంటే వాడు ఆలోచించే మాట్లాడాడు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. నేను అంత గట్టిగా దిద్దిన ‘ఆన్ ద వీకెండ్’ ఎక్కువగా అమెరికా వాళ్ల వాడుక. బ్రిటన్‌లో ‘ఎట్ ద వీకెండ్’ అంటారు. న్యూజిలాండ్‌లోనైతే మా వాడిలాగే ‘ఇన్ ద వీకెండ్’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా మన పిల్లలు పరీక్షల్లో ‘ఇన్’ రాయకపోవడమే మంచిది.

మీ ఇంట్లో పనికొస్తాయని నేను గుర్తుపెట్టుకున్నవి కొన్ని చెబుతాను. శని, ఆదివారాల్లో జరిగినదాని గురించి చెప్పేటప్పుడు ‘ఓవర్ ద వీకెండ్’ అంటే ఎక్కడైనా చెల్లుతుంది. ప్రతి వారం చేసే పనికి ‘ఆన్ వీకెండ్స్’ లేదా ‘ఎట్ వీకెండ్స్’. ఆ రెండు రోజులూ ఉండటానికి ఊరెళితే ‘ఫర్ ద వీకెండ్’. దిస్, లాస్ట్, నెక్స్ట్, ఎవ్రీ వచ్చాయంటే ముందు ఏ ప్రిపొజిషనూ అక్కర్లేదు: ‘లాస్ట్ వీకెండ్ వుయ్ వెంట్ టు గుంటూరు’ అంటే చాలు. ఉదయానికి ‘ఇన్ ద మార్నింగ్’ అంటాం కానీ, వారం పేరు చేరితే ‘ఆన్ సండే మార్నింగ్’ అవుతుంది.

ఇవన్నీ ఒక్క రాత్రిలో వాడికి నేర్పాలనుకోవడమే నేను చేసిన పొరపాటు. తర్వాతి ఆదివారం పద్ధతి మార్చాను. వాడు మళ్లీ ‘ఇన్ ద వీకెండ్ ఐ లర్న్ సైకిల్’ అన్నాడు. నేను దిద్దలేదు. ‘ఓ, యు లర్న్‌డ్ టు రైడ్ ఎ సైకిల్ ఓవర్ ద వీకెండ్! హూ హెల్ప్‌డ్ యు?’ అని అడిగానంతే. సరైన మాట వాడి చెవిన పడింది, కబురు మాత్రం ఆగలేదు.

కాలువ గట్టు మీద రెండుసార్లు పడ్డాడట. తాతయ్య వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతున్నారనుకుని తొక్కుతూ పోయాడట. తిరిగి చూస్తే తాతయ్య ఎక్కడో దూరంగా నిలబడి చప్పట్లు కొడుతున్నారట. ఇంగ్లీషు, తెలుగు కలిపి పది నిమిషాలు చెప్పాడు. క్రితం వారం నేను వాడి నోట్లోనే ఆపేసిన కబురు ఇదే.

ఇప్పటికీ వాడికి అప్పుడప్పుడు ‘ఇన్’ దొర్లుతుంది. సోమవారం జవాబుగా ‘నథింగ్’ మాత్రం చెప్పడం లేదు. ఈ ఆదివారం రాత్రి మీ పిల్లల్ని కూడా అడిగి చూడండి. చెప్పడం పూర్తయ్యేదాకా వినండి. ప్రిపొజిషన్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.